వ్యాయామశాలల శుభ్రత

కోనసీమకు వ్యాయామము క్రొత్తగా వచ్చిన వేడుక కాదు. అమలాపురమున దసరానాడు చెడీ తాలింఖానా చూచినవా రెవ్వరును ఆ మాట యనజాలరు. కఱ్ఱసాము, కత్తిసాము ఇచ్చట తరతరముల విద్యలు. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారి దేహబలము ఆంధ్రుల పేరును దేశాంతరముల చాటినది. నేడు గరిడీల స్థానమున జిమ్ములు వెలసినవి. అమలాపురము, రాజోలు, కొత్తపేటలలో యువకులు చదువును, పనిని ముగించుకొని వానికి బోవుట మాకు మిక్కిలి సంతోషకరము. ఐనను ఆ సంతోషమునకు లోపము కలిగించు విషయ మొకటి గలదు. దానిని జెప్పుటకు మొగమాటపడరాదు.

ఒకని చెమటతో తడిసిన బల్లను తుడువకయే మఱియొకడు దానిపై పరుండును. ఒక్క తువాలు నలుగురి మొగములను తుడుచును. గోదావరి తేమ, సముద్రపు ఉక్క కలిసిన యీ సీమలో దాని ఫలము వేఱుగ చెప్పనక్కఱలేదు. తామర యనునది చర్మముపై పెరుగు ఒకజాతి బూజు. తడియు వేడియు దానికి ప్రాణము. గజ్జలలో, చంకలలో, కాలివ్రేళ్ల సందులలో అది స్థిరపడును. చీముగడ్డలు పుట్టించు స్టాఫిలోకాకస్ క్రిమికి ఒంటిపై చిన్న గీత దొరికినను చాలును. 2003లో అమెరికాలోని సెయింట్ లూయిస్ రామ్స్ అను ఫుట్‌బాలు జట్టులో 58 మంది ఆటగాండ్రకుగాను 5 గురికి, సామాన్యౌషధములకు లొంగని యీ జాతి క్రిమివలన పుండ్లు కలిగెను. వైద్యులు విచారింపగా, ఒక్క తువాలును పలువురు వాడుటయు, చేతుల శుభ్రత చాలకుండుటయు బయటపడినవి. ధనమునకును వైద్యులకును కొఱతలేని జట్టు గతియే యిట్లుండగా మన యిఱుకు గదుల మాట చెప్పనేల?

అంతకంటె విచారకరమైనది మన సిగ్గు. తామర సోకిన యువకుడు దానిని దాచును. మందులకొట్టులో మెల్లగా దురదమందు అడుగును. దొరకిన గొట్టములో తఱచుగా స్టెరాయిడు కలిసియుండును. రెండుమూడు దినములలో ఎఱుపును దురదయు తగ్గును. బూజు మాత్రము విస్తరించుచుండును. ఇట్టి లేపనములను వైద్యుని చీటి లేక అమ్మరాదని కేంద్రప్రభుత్వము 2018లో నిబంధనలను బిగించెను. ఆ నిబంధన కొట్టుబల్లవద్ద ఆచరింపబడిననే ఫలము. 2020లో శాస్త్రజ్ఞులు ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరిడిన తామరజాతి, వైద్యులు సాధారణముగ నిచ్చు టెర్బినాఫిన్ మందునకు తఱచు లొంగుటలేదు. మన దేశము పేరు అట్టిదానికి చేరుట మనకు గౌరవమా? దాచిన తామర దాచినవానితోనే నిలువదు. అదే దుప్పటి కప్పుకొను తల్లికిని, చెల్లెలికిని, పసిబిడ్డకును సోకును.

మనవారికి శుచి తెలియదని యెవ్వరనగలరు? మడిబట్టను పరులు తాకరాదను ఇండ్లు ఈ సీమలో పెక్కులు గలవు. కాని మడి వేఱు, శుభ్రత వేఱు. ఎవరు తాకిరని మడి అడుగును. ఏమి అంటినదని శుభ్రత అడుగును. తామరకు కులము తెలియదు. కావున శుభ్రత పేరిట ఏ సోదరునైనను గడపవద్ద నిలుపుటకు మేము సమ్మతింపము. తుడువవలసినది బల్లనుగాని మనుష్యుని గాదు.

చేయవలసిన పని స్వల్పము. ప్రతివాడును తన తువాలు తాను తెచ్చుకొనవలయును. బల్లపై నొకటి పఱచుకొని, మొగమునకు వేఱొకటి వాడవలయును. తాను వాడిన పరికరమును తానే తుడిచి లేవవలయును. గాయమును కట్టుకట్టి రావలయును. ఇంటికి బోయిన వెంటనే సబ్బుతో స్నానముచేసి, ఒడలు పొడిగా తుడుచుకొని, పొడిబట్టలు ధరింపవలయును. చెమటబట్టలను సంచిలో మగ్గనీయక ఉతికి యెండలో ఆరవేయవలయును. మచ్చ కనబడినచో చర్మవైద్యునికి జూపి, ఆయన చెప్పినన్నాళ్లు మందు మానక వాడవలయును. ఆయన యనుమతించువఱకు జిమ్మునకు రాకుండుట తోడివారియెడల ధర్మము.

యజమానుల బాధ్యత యింకను హెచ్చు. నెలనెలా రుసుము పుచ్చుకొనువారు కొళాయి, సబ్బు, తుడుపుగుడ్డలు, గాలి వచ్చు కిటికీలు సమకూర్చుట దానము గాదు, విధి. చాపలను ప్రతిదినము కడిగింపవలయును. నియమములను గోడపై వ్రాయించి, ముందుగ తాము పాటింపవలయును. నియమములేని చోట రుసుము చెల్లింపమని యువకులు నలుగురు కలిసి చెప్పినచో ఏ యజమానియు వినకపోడు.

దేహబలము తనకొఱకే గాదు, వరదనాడు పొరుగువానిని గట్టెక్కించుటకును. అట్టి బలము నార్జించు చోటు రోగమునకు నెలవు కారాదు. కోనసీమ యువకులు ఈ స్వల్పకార్యమును నేడే ప్రారంభింతురు గాక!