పాత ట్యాబ్లెట్‌కు కొత్త కాపలా

నా ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్‌కు తయారీ సంస్థ భద్రతా అప్‌డేట్లు ఆపేసి రెండేళ్లయింది. తెర, బ్యాటరీ బాగానే ఉన్నాయి. ‘కస్టమ్ ఫర్మ్‌వేర్ వేసుకుంటే సరి, మామయ్యా’ అన్నాడు మేనల్లుడు. మాటలో నిజముంది. 2016 చివర్లో సయనోజెన్‌మాడ్ మూతపడ్డాక వచ్చిన లినేజ్‌ఓఎస్, కంపెనీలు వదిలేసిన ఎన్నో పరికరాలకు ఊపిరి పోస్తోంది.

అయితే కాపలా మార్చేముందు కొత్తవాడెవడో తెలుసుకోవడం సైనికుడి అలవాటు. ఫర్మ్‌వేర్ మార్చాలంటే బూట్‌లోడర్ తాళం తీయాలి. చాలా పరికరాల్లో ఆ తర్వాత దాన్ని సురక్షితంగా మళ్లీ వేయలేం. 2020 జూన్‌లో కేంద్రం 59 యాప్‌లను నిషేధించినప్పుడు అందరం యాప్‌ల గురించే మాట్లాడుకున్నాం. యాప్‌ను తీసేయవచ్చు. దాని కిందనున్న ఫర్మ్‌వేరే మోసం చేస్తే పట్టుకునేదెవరు?

అందుకే నేను మూడు విషయాలు చూశాను: సోర్స్ కోడ్ బహిరంగంగా ఉందా, నా మోడల్‌కు అధికారిక మద్దతు ఉందా, భద్రతా ప్యాచ్‌లు క్రమంగా వస్తున్నాయా. రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. ఎవరో అజ్ఞాత వ్యక్తి తయారుచేసిన ఫైలు దొరికింది కానీ, వేసుకోలేదు. ఇప్పుడా ట్యాబ్లెట్ పుస్తకాలు చదవడానికే. పింఛను, బ్యాంకు పనులకు కాదు. సర్వీసులో ఉన్నవారి ఇళ్లలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

విక్రయాలు ఆగాక కూడా కనీసం 5 ఏళ్లు అప్‌డేట్లు ఇవ్వాలని యూరోపియన్ యూనియన్ 2025 జూన్ నుంచి నిబంధన తెచ్చింది. మనమూ తేవాలి. దేశ భద్రతలో ఇదీ భాగమే.