ఒప్పందం తప్పాడని తేల్చేదెవరు?

1976 జూన్ 2న అమెరికాలోని ఫీనిక్స్‌లో 'అరిజోనా రిపబ్లిక్' విలేకరి డాన్ బోల్స్ కారు కింద బాంబు పేలింది. పదకొండు రోజులకు ఆయన కన్నుమూశారు. బాంబు పెట్టిన జాన్ ఆడమ్సన్ ప్రాసిక్యూషన్‌తో ఒప్పందానికి వచ్చాడు. కాస్త తక్కువ స్థాయి హత్యానేరాన్ని ఒప్పుకోవాలి, మిగతా నిందితులపై సాక్ష్యం చెప్పాలి. అలా చేస్తే మరణశిక్ష ఉండదు. మాట తప్పితే మాత్రం మొదటి అభియోగం తిరిగి మెడకు చుట్టుకుంటుంది.

అతను సాక్ష్యం చెప్పాడు. ఇద్దరికి శిక్ష పడింది. 1980లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. మళ్లీ విచారణ జరిపితే మళ్లీ సాక్ష్యం చెప్పాలి కదా! నా బాధ్యత తీరిపోయింది, ఇక కొత్త షరతులు కావాలన్నాడు ఆడమ్సన్. అది ఉల్లంఘనేనని అదే కోర్టు తేల్చింది. సరే, చెబుతానని అతను దిగివచ్చినా ప్రాసిక్యూషన్ ఒప్పుకోలేదు. మళ్లీ విచారించి మరణశిక్ష వేయించింది. ఒకే నేరానికి రెండుసార్లు విచారించరాదన్న రాజ్యాంగ రక్షణ అతనికి దక్కదని 1987లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో చెప్పింది. మరుసటి ఏడాది ఫెడరల్ అప్పీలు కోర్టు వేరే కారణాలతో ఆ మరణశిక్షను కొట్టేసింది.

హంతకుడిపై జాలితో ఈ మాట అనడం లేదు. కానీ తీర్పుతో విభేదించిన నలుగురు న్యాయమూర్తుల మాటే న్యాయమనిపిస్తుంది. షరతును తనకు తోచినట్టు అర్థం చేసుకోవడం వేరు, కావాలని మాట తప్పడం వేరు. రెంటికీ ఒకటే శిక్ష వేయడం తప్పు.

ట్రంప్ మాజీ ప్రచార సారథి పాల్ మానఫోర్ట్ వ్యవహారం ఇలాంటిది కాదు. ఒప్పందం కుదిరాక కూడా అతను ఐదు అంశాల్లో అబద్ధాలాడాడన్నది ప్రాసిక్యూషన్ ఆరోపణ. 2019లో జడ్జి ఆ ఐదింటినీ విడివిడిగా పరిశీలించి, మూడింటిలో అది నిజమేనని తేల్చారు. ప్రభుత్వం ఇచ్చిన హామీలు రద్దయ్యాయి, అతని నేరాంగీకారం మాత్రం నిలిచింది.

మన చట్టంలో దీనికి దగ్గరగా ఉన్నది అప్రూవర్ ఏర్పాటు, అంటే నేరంలో భాగమైనవాడు క్షమాభిక్ష పొంది మిగతావారిపై సాక్ష్యం చెప్పడం. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 345వ సెక్షన్ ప్రకారం, అప్రూవర్ షరతు తప్పాడని పబ్లిక్ ప్రాసిక్యూటర్ ధ్రువీకరిస్తే అసలు నేరంపైనే అతన్ని విచారించవచ్చు. క్షమాభిక్ష ఆశతో ఇచ్చిన వాంగ్మూలమే అతనిపై సాక్ష్యమవుతుంది. అయితే షరతు పాటించానని చెప్పుకునే హక్కు అతనికుంది. పాటించలేదని రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్. పాటించాడని కోర్టు నమ్మితే నిర్దోషిగా విడిచిపెట్టాల్సిందే. ఈ విషయంలో మన చట్టమే మెరుగు.

చట్టం ఎంత మేలైనదైనా, సంతకం చేసేవాడికి షరతు అర్థం కాకపోతే ఆ రక్షణ ఎవరికి? క్షమాభిక్షకు ఒప్పుకునే ముందే ప్రతి షరతునూ, తప్పితే ఏమవుతుందన్నదీ నిందితుడికి తెలుగులో చదివి వినిపించే బాధ్యతను రెండు తెలుగు రాష్ట్రాల న్యాయ సేవాధికార సంస్థలు తీసుకోవాలి.