ఆదివారం వేడుక, సోమవారం గండం

హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు వెంబడి 2023 అక్టోబరులో ప్రారంభమైన సైకిల్ ట్రాక్ పొడవు 23 కిలోమీటర్లు. పైన సౌర ఫలకాల కప్పు, దాని మీద 16 మెగావాట్ల విద్యుత్తు, కింద ఎండ తగలని దారి. తొక్కేవారికి హాయిగానే ఉంటుంది. నగరం నడిబొడ్డు నుంచి అక్కడిదాకా సైకిల్ మీద క్షేమంగా చేరుకునే మార్గం మాత్రం లేదు. తెల్లవారుజామున పేపర్ కట్టలు వేసుకుని బయల్దేరే కుర్రాడికీ, నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్‌కూ ఆ ట్రాక్‌తో పనిలేదు. వాళ్లు తొక్కే రోడ్డు వేరు. దాని మీద వాళ్లకు ఒక గీత కూడా లేదు.

తెలుగు రాష్ట్రాల్లో సైకిల్ అంటే ఆదివారం ర్యాలీ, టీషర్టు, జెండా ఊపే అతిథి. నడక అంటే పార్కులో వాకింగ్ ట్రాక్. ఈ చూపు మారాలి. నడకనూ సైకిల్‌నూ రెండు ప్రభుత్వాలూ వ్యాయామం పద్దులోంచి తీసి రవాణా పద్దులో రాయాలి. ఇదేమీ కొత్త కోరిక కాదు. రోడ్డు స్థలం పంచేటప్పుడు వాహనాలను కాదు, మనుషులను చూడమని జాతీయ పట్టణ రవాణా విధానం 2006లోనే చెప్పింది.

నడిచేవాళ్లు ఇంకా ఎక్కడున్నారని అడిగేవారికి 2011 జనగణన జవాబు చెబుతుంది. దేశంలో వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాక ఇతర పనులు చేసేవారిలో దాదాపు మూడో వంతు పనికి వెళ్లేది కాలినడకనో సైకిల్ మీదనో. వాళ్లకు దక్కుతున్నదేమిటో చూడండి. 2022లో రోడ్డు ప్రమాదాల్లో దేశవ్యాప్తంగా 1,68,491 మంది చనిపోతే, వారిలో 32,825 మంది పాదచారులు, 4,836 మంది సైకిల్ మీద వెళ్తున్నవారు. ఢీకొట్టగల బరువుగానీ వేగంగానీ లేనివాళ్లు ప్రతి అయిదుగురు మృతుల్లో ఒకరికంటే ఎక్కువే.

ఏ పట్టణంలోనైనా మెయిన్ రోడ్డు ఫుట్‌పాత్ మీద కాసేపు నడిస్తే కారణం తెలుస్తుంది. బట్టల కొట్టు మెట్లు ఫుట్‌పాత్ మీదే దిగుతాయి. పక్క షాపువాళ్లు బైకులు ఎక్కించడానికి సిమెంటు ర్యాంపు పోసుకుంటారు. తర్వాత కంచె వేసిన ట్రాన్స్‌ఫార్మర్. ఆపైన మున్సిపాలిటీయే పాతిన స్వాగత బోర్డు స్తంభం. అది దాటితే డ్రైనేజీ మీద పలక లేచిపోయి నోరు తెరుచుకున్న గుంత. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం అడ్డంకి లేని దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలి. ఆక్రమణల తొలగింపు అనగానే మన మున్సిపల్ సిబ్బందికి ముందు కనిపించేది తోపుడు బండి. గ్రానైట్ మెట్ల జోలికి ఎవరూ పోరు. చిరువ్యాపారులకు 2014 నుంచి చట్టమే రక్షణగా ఉంది. వాళ్లకు చోటు గుర్తించి ఇవ్వాల్సింది కూడా ఆ మున్సిపాలిటీయే.

పల్లెల్లో సంగతి ఇంకా అధ్వానం. హైస్కూలు అమ్మాయిలకు ఆంధ్రప్రదేశ్ ‘బడికొస్తా’ పేరుతో సైకిళ్లు పంచింది. మంచి పనే. బీహార్‌లో 2006లో మొదలైన ఇలాంటి పథకం వల్ల సరైన వయసులో హైస్కూల్లో చేరే అమ్మాయిల సంఖ్య 32 శాతం పెరిగిందని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ పరిశోధన తేల్చింది. బడి దూరమయ్యేకొద్దీ సైకిల్ విలువ పెరుగుతుంది. దాంతోపాటు గండమూ పెరుగుతుంది. ఊరి నుంచి మండల కేంద్రానికి వెళ్లే రోడ్డులో తారు అంచు దాటగానే మట్టి మార్జిన్ జానెడు కిందికి ఉంటుంది. వెనక లారీ హారన్ కొట్టగానే ఆ పిల్ల పుస్తకాల సంచీతో సహా కంకరలోకి దిగాలి. చక్రం జారితే పడేది లారీ వైపే. సైకిల్ ఇచ్చిన ప్రభుత్వం ఆ మార్జిన్‌ను తారుకు సమానంగా ఎత్తి, గట్టిపరచలేదా?

మన ఎండల్లో ఎవరు తొక్కుతారంటారు. నిజమే, రోడ్డు వెడల్పు పేరుతో చెట్లన్నీ కొట్టేశాక ఎవరు తొక్కుతారు? ధర సమస్య కూడా కాదు. 2025 సెప్టెంబరులో సైకిళ్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఇంట్లో సైకిల్ ఉన్నా పిల్లవాణ్ని స్కూటీ మీద దింపివచ్చే తల్లిదండ్రులను అడిగితే భయమే అసలు కారణమని చెబుతారు. పైగా సైకిల్ పేదవాడి బండి అనే చిన్నచూపు ఒకటి. అది అధికారుల్లోనే ఎక్కువ.

అడ్డంకులు లేని, దివ్యాంగులకూ అనువైన ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పాదచారులు, సైకిళ్ల కోసం నిబంధనలు చేసే అధికారాన్ని మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణే రాష్ట్రాలకు ఇచ్చింది. ఇక సాకులు చెల్లవు. రెండు రాష్ట్రాలూ వచ్చే బడ్జెట్‌లోనే నడక, సైకిల్ దారులకు విడిగా పద్దు తెరవాలి. ప్రతి హైస్కూలు చుట్టూ రెండు కిలోమీటర్ల మేర పని ముందు మొదలవ్వాలి. ఊళ్ల మధ్యగా పోయే రహదారుల మీద ఫుట్ ఓవర్ బ్రిడ్జి కట్టి చేతులు దులుపుకోవడం మానాలి. మోకాళ్ల నొప్పులతో అన్ని మెట్లు ఎక్కలేకే జనం డివైడర్ దాటుతున్నారు. నేల మీదే సిగ్నల్ పెట్టి వాహనాలను ఆపండి. ఇకపై ఏ ఫుట్‌పాత్ కాంట్రాక్టుకైనా బిల్లు పాస్ చేసే ముందు ఇంజినీరు ఆ చివర నుంచి ఈ చివరకు స్వయంగా నడవాలి. ఎక్కడా రోడ్డు మీదకు దిగాల్సిన అవసరం రాలేదని రాసి సంతకం పెట్టాలి.