కిందకి వచ్చి తీసుకెళ్లేదెవరు?

హైదరాబాద్‌లో ఇప్పుడు కంపెనీ అడ్రసు అడిగితే కంపెనీ పేరు చిట్టచివర వస్తుంది. ముందు ఫలానా ఐటీ పార్కు, తర్వాత ఫలానా టవరు, ఆ పైన ఎన్నో అంతస్తు, ఆ అంతస్తులో నడిచే షేర్డ్ ఆఫీసు పేరు, అందులో ఓ పక్కన కొన్ని సీట్లు అద్దెకు తీసుకున్న మన కంపెనీ. రోడ్డు మీద నిలబడి చూస్తే దాని బోర్డు ఎక్కడా కనబడదు. గేటు దగ్గర సెక్యూరిటీని అడిగితే ఆ పేరే వినలేదంటాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఆయన్ని పెట్టుకున్నది బిల్డింగు వాళ్లు. ఆయన దగ్గరున్న జాబితాలో షేర్డ్ ఆఫీసు పేరుంది కానీ, అందులో ఎవరెవరు కూర్చుంటారో లేదు.

మెడలో ట్యాగ్ ఉన్నవాళ్లకి ఈ నగరంలో అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. ట్యాగ్ లేకుండా వచ్చేవాళ్ల గురించి రాయాలని చాలాకాలంగా ఉంది. రాత్రి బండెక్కి శ్రీకాకుళం నుంచో మహబూబాబాద్ నుంచో దిగి, స్నేహితుడి హాస్టల్లో స్నానం చేసి, ఫైలు పట్టుకుని ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లలు. రావాల్సిన బిల్లు కోసం తిరిగే చిన్న సప్లయర్. ఆడిటర్ పంపితే సంతకాలకు వచ్చిన కుర్రాడు. కూతురు పనిచేసే చోటు ఒక్కసారి చూసి పోదామని వచ్చిన తల్లిదండ్రులు. ఏసీ బాగుచేయడానికి పిలిస్తే వచ్చిన మెకానిక్. వీళ్లందరినీ ఆ భవనాల భాషలో ఒకే పేరుతో పిలుస్తారు: విజిటర్.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. షేర్డ్ ఆఫీసులో సీట్లు తీసుకున్న కంపెనీకి రిసెప్షన్, సెక్యూరిటీ, క్యాంటీన్, కరెంటు బ్యాకప్ అన్నీ అమరి వస్తాయి. సీటుకింత అని నెలకు కట్టేస్తే చాలు. చిన్న కంపెనీలకి ఇది నిజంగా మేలే. అయితే వచ్చిన మనిషిని ఆదరించే బాధ్యత కూడా ఆ అద్దెలోనే తీరిపోయిందని చాలా కంపెనీలు అనుకుంటున్నాయి. అది తీరలేదు. సొంత ఆఫీసుకి సొంత గడప ఉండేది, గడప దగ్గర ఆ కంపెనీ మనిషి ఉండేవాడు. ఇక్కడ పార్కు గేటు ఒకరిది, కింది లాబీ మరొకరిది, పై అంతస్తు రిసెప్షన్ ఇంకొకరిది. మూడు చోట్లా అతిథి కొత్తవాడే. పిలిచినవాళ్లు మాత్రం నాలుగో తలుపు వెనకాల మీటింగులో ఉంటారు, ఫోన్ సైలెంటులో ఉంటుంది.

పెళ్లి పిలుపుకి మనం ఏం చేస్తాం? శుభలేఖ మీద దారి వేస్తాం. ఏ బస్టాండులో దిగాలో, విడిది ఎక్కడో, ఎవరికి ఫోన్ చేయాలో రాస్తాం. మండపం అద్దెదే అయినా, ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడి రండి రండి అంటారు. అద్దె మండపం గనక ఆహ్వానం మండపం వాళ్లదని ఎవరూ అనుకోరు.

ఈ షేర్డ్ ఆఫీసు ఆలోచన పుట్టిందే ఆహ్వానంగా. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామరు వారానికి రెండు రోజులు ఒక చోటు అద్దెకు తీసుకుని, ఒంటరిగా పనిచేసుకునేవాళ్లు వచ్చి కలిసి కూర్చోండని పిలిచాడు. 2010లో న్యూయార్క్‌లో పుట్టిన వీవర్క్ దాన్ని భారీ వ్యాపారంగా మార్చి, 2023 నవంబరులో అమెరికాలో దివాలా పిటిషన్ వేసేదాకా వెళ్లింది. మన దేశంలో ఆ పేరుతో నడిచేది వేరే సంస్థ, బెంగళూరు ఎంబసీ గ్రూపుది. ఇక్కడ ఈ వ్యాపారం తగ్గలేదు. స్మార్ట్‌వర్క్స్, ఇండిక్యూబ్ లాంటివి 2025లో స్టాక్ మార్కెట్ మెట్లెక్కాయి. ఒంటరి మనుషుల కోసం మొదలైన చోట ఇప్పుడు పెద్ద పెద్ద కంపెనీలు అంతస్తులకి అంతస్తులు తీసుకుంటున్నాయి. అవి వచ్చాక తాళాలు పెరిగాయి. పెద్ద కంపెనీల ఖాతాదారుల వివరాలు లోపల ఉంటాయి కాబట్టి కాపలా అవసరమే, దాన్ని నేను కాదనను. కాపలాతోపాటు రావలసిన మర్యాద రాలేదన్నదే నా బాధ.

మర్యాద దారి చెప్పడంతో మొదలవుతుంది. మ్యాప్‌లో లొకేషన్ పంపేస్తే సరిపోతుందని లోపలివాళ్లు అనుకుంటారు. ఆ చుక్క ఒక్కోసారి టవరు వెనక గేటు దగ్గర దింపుతుంది. అక్కడ లోపలికి వదలరు, చుట్టూ తిరిగి రావాలి. అసలు ఊరు కొత్తవాళ్లకి ఇంకో చిక్కుంది. హైటెక్ సిటీ పేరుతో రెండు స్టేషన్లున్నాయి. ఒకటి మెట్రోది, 2019 మార్చిలో తెరిచారు. రెండోది ఎంఎంటీఎస్ లోకల్ రైలుది, అది ఎక్కడో రైలు పట్టాల వైపుంది. రెండింటి మధ్యా నడిచిపోయేంత దగ్గర కాదు. లింగంపల్లిలో దిగి, పేరు చూసి ఎంఎంటీఎస్ ఎక్కిన కుర్రాడు మైండ్‌స్పేస్ ఐటీ పార్కు పక్కనే దిగుతానని నమ్ముతాడు. దిగాక ఆటోకి వెతుక్కుంటాడు. ఇంటర్వ్యూ టైము అక్కడే కరిగిపోతుంది. ఈ ఒక్క మాట ముందే రాసి పంపితే ఎంత మేలు!

అలాగే, సికింద్రాబాద్‌లో రైలు దిగినవాళ్లు సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రోలో బ్లూ లైన్ ఎక్కితే ఎక్కడా మారకుండా రాయదుర్గం వరకు రావచ్చు. విజయవాడ వైపు బస్సుల్లో వచ్చి ఎల్బీ నగర్‌లో దిగినా, రైల్లో నాంపల్లి వచ్చినా రెడ్ లైన్ ఎక్కి అమీర్‌పేటలో మారాలి. నగరంలో ఉండేవాళ్లకి ఇది రోజూ చేసే పని, అందుకే చెప్పాలని తోచదు. సైబర్ టవర్స్‌నే తీసుకోండి. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన ఆ గుండ్రటి భవనం ఈ ప్రాంతానికంతటికీ గుర్తు. లోపల మాత్రం నాలుగు క్వాడ్రంట్లు, అంటే నాలుగు భాగాలు. అడ్రసులో క్యూ3 అని ఉంటే అది మూడో క్వాడ్రంట్ అని, అటు వైపు లిఫ్టే ఎక్కాలని తెలియనివాడు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాడు.

బోర్డు సంగతికి వస్తాను. ఉమ్మడి రాష్ట్రంలో 1988లో చేసిన దుకాణాలు, సంస్థల చట్టం కింద 1990లో వచ్చిన నియమాల్లో, సంస్థ పేరు బోర్డు తెలుగులో ఉండాలని, వేరే భాషలు వాడితే దాని కింద ఉండాలని ఉంది. కిరాణా కొట్టు దీన్ని పాటిస్తుంది. అద్దాల మేడల్లో తెలుగు అక్షరం వెతికినా దొరకదు. షేర్డ్ ఆఫీసులో అయితే కంపెనీ పేరు ఏ భాషలోనూ కింద ఉండదు; పైన రిసెప్షన్‌లో టీవీ తెర మీద వరసగా తిరిగే పేర్లలో ఒక్క క్షణం కనిపించి పోతుంది. కింది లాబీలో ఒక పలక మీద లోపలున్న కంపెనీలన్నిటి పేర్లూ తెలుగులో రాయించడానికి ఎంతవుతుంది? అద్దె ఒప్పందం రాసుకునేటప్పుడే కంపెనీలు దీన్ని అడిగి తీసుకోవాలి.

ఇక గేటు దగ్గర జరిగే తతంగం. టాబ్లెట్‌లో పేరు కొట్టాలి, ఫోన్ నంబరు ఇవ్వాలి, ఓటీపీ చెప్పాలి, ఫొటో దిగాలి, గుర్తింపు కార్డు చూపాలి, కొన్నిచోట్ల కార్డునే ఫొటో తీసుకుంటారు. నాకు అన్నిటికన్నా ఎక్కువ అభ్యంతరం ఇక్కడే. వచ్చినవాడికి ఇంటర్వ్యూ కావాలి, బిల్లు కావాలి. ఆ గుమ్మంలో నిలబడి ఇవ్వను అనగలిగే స్థితి అతనికి లేదు. ఆధార్ అడిగితే ఆధార్ ఇస్తాడు. ఆధార్ చట్టం 57వ సెక్షన్ కింద ప్రైవేటు సంస్థలు ఒప్పందాల పేరుతో ఆధార్ ధ్రువీకరణ కోరే వీలును సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులోనే కొట్టేసింది. మనిషి ఎవరో తెలియడానికి డ్రైవింగ్ లైసెన్సు చాలు, ఓటరు కార్డు చాలు. ఆధారే చూపాల్సి వస్తే చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఆధార్ జారీ చేసే ఉడాయ్ సైటులో ఎవరైనా దించుకోవచ్చు. ఈ సంగతి వచ్చేవాళ్లకి చెప్పేదెవరు? పిలిచిన కంపెనీయే చెప్పాలి.

2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం చేసింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి; ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. సమ్మతి అడిగే ముందు ఏ వివరాలు, ఎందుకు తీసుకుంటున్నారో నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును ఇంగ్లిష్‌లోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏ భాషలోనో చదువుకునే వీలుండాలని చట్టమే అంటోంది. ఎనిమిదో షెడ్యూల్లో తెలుగుంది. అంటే, రేపు మాదాపూర్‌లో టాబ్లెట్ ముందు నిలబడ్డ మనిషి తెలుగులో చూపించండి అంటే అది దయాధర్మం కింద అడిగినట్టు కాదు. గడువు ముగిసేదాకా ఆగనక్కర్లేదు, ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. ఫొటో ఎన్నాళ్లు ఉంచుతారో, ఎవరి దగ్గర ఉంటుందో కూడా అక్కడే రాయాలి. బిల్డింగు వాళ్ల దగ్గరా, షేర్డ్ ఆఫీసు దగ్గరా, సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ల దగ్గరా మూడు కాపీలు పడి ఉంటే, చెరిపేయమని ఎవర్ని అడగాలో ఆ మనిషికి తెలియదు.

లిఫ్టు గురించి రెండు మాటలు. కొన్ని కొత్త టవర్లలో లిఫ్టు లోపల అంతస్తుల బటన్లుండవు. బయటే అంతస్తు నంబరు నొక్కితే ఏ లిఫ్టు ఎక్కాలో ఒక అక్షరం చూపిస్తుంది. తెలియక ఎదురుగా తలుపు తెరుచుకున్నదాంట్లో ఎక్కేసి, నొక్కడానికేమీ దొరక్క, చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు చూస్తూ నిలబడ్డ పెద్దవాళ్లని చూశాను. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకైతే ర్యాంపు ఏ గేటు వైపుందో ముందే తెలియకపోతే ప్రయాణమే వృథా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక ర్యాంపులు కట్టారు. ఎక్కడున్నాయో చెప్పడం మిగిలింది.

పై అంతస్తులో సోఫాలుంటాయి, కాఫీ యంత్రం ఉంటుంది. అది తాగొచ్చా, డబ్బులివ్వాలా అని అడగలేక గంటసేపు గొంతెండబెట్టుకుని కూర్చునే పిల్లలున్నారు. వాష్‌రూమ్ తలుపు కొన్నిచోట్ల ట్యాగ్ లేకపోతే తెరుచుకోదు. మీటింగ్ రూము గంటల లెక్కన బుక్ చేసుకున్నది కాబట్టి, వచ్చినవాడు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యమైతే మాట సగంలో ఉండగానే తర్వాతివాళ్లు అద్దం తలుపు తడతారు. ఇంటర్వ్యూ చేసేవారికి అది చిన్న చికాకు. ఎదుటి కుర్చీలోని అమ్మాయికి ఆర్నెల్ల తయారీ. రూమును ఇంకో అరగంట ఎక్కువ తీసుకోవడం కంపెనీకి భారం కాదు.

విజిటర్ అనే లెక్కలోకి కూడా రానివాళ్లు ఇంకొందరున్నారు. భోజనం పార్సిల్ తెచ్చే డెలివరీ కుర్రాళ్లు గేటు బయట ఎండలో నిలబడి ఫోన్ చేస్తుంటారు. క్యాబ్ డ్రైవర్లు సాయంత్రందాకా రోడ్డు పక్కనే. నీళ్లు, వాష్‌రూమ్, కాసింత నీడ: ఇవి పార్కు గేటు దగ్గర వీళ్లకి ఉండి తీరాలని నేను గట్టిగా అంటాను. టీ-హబ్ లాంటి చోటు ముందడుగు వేస్తే మిగతావాళ్లకి సాకు ఉండదు. 2015లో గచ్చిబౌలి ట్రిపుల్ఐటీ ఆవరణలో మొదలై 2022 జూన్‌లో రాయదుర్గం పెద్ద భవనంలోకి మారిన ఆ సంస్థను నిలబెట్టింది రాష్ట్ర ప్రభుత్వం. కొత్త కంపెనీలకు ఎలా ఎదగాలో నేర్పే చోట, వచ్చినవాళ్లని ఎలా పిలవాలో కూడా నేర్పొచ్చు.

నేను కోరేది ఒక వాట్సాప్ మెసేజ్, అదీ తెలుగులో. ఇలా ఉంటే చాలు: “రాయదుర్గం మెట్రోలో దిగండి. హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్ వేరు, అక్కడ దిగకండి. ఆటోవాళ్లకి మా కంపెనీ పేరు తెలియదు, టవరు పేరు చెప్పండి. రెండో గేటు దగ్గరికి రండి. మెట్లు ఎక్కలేనివాళ్లకి ర్యాంపు కుడివైపుంది. ఫొటో ఉన్న కార్డు ఏదైనా ఒకటి తెచ్చుకోండి, ఆధారే అక్కర్లేదు. గేటు దగ్గర షేర్డ్ ఆఫీసు పేరు, తర్వాత మా పేరు చెప్పండి. కాఫీ, నీళ్లు తీసుకోవచ్చు, డబ్బులివ్వక్కర్లేదు. ముందే వచ్చినా పర్లేదు, పైన కూర్చోవచ్చు. ఫలానావారు కిందకి వచ్చి మిమ్మల్ని తీసుకొస్తారు, వారి నంబరు ఇది. ఆ నంబరు ఎత్తకపోతే ఈ రెండో నంబరు.”

రెండో నంబరు మర్చిపోవద్దు. ఇది రాసే ఉద్యోగి లోపల కూర్చుని ఊహించి రాయకుండా, ముందు ఒక పూట కింది గేటు దగ్గర నిలబడాలి. వచ్చినవాళ్లు ఏమడుగుతున్నారో, ఎక్కడ ఆగిపోతున్నారో చూసి రాసుకోవాలి. అక్కడి సెక్యూరిటీ వాళ్లకి ఆ ప్రశ్నలన్నీ కంఠతా వచ్చు. వాళ్లని అడిగితే ముప్పావు వంతు మెసేజ్ వాళ్లే చెప్పేస్తారు.