సంతకానికి ముందు మూడు ప్రశ్నలు

హెచ్‌ఐవి వెలుగుచూసి నాలుగు దశాబ్దాలు దాటింది. మందులు వచ్చాయి, వాటిని క్రమం తప్పక వాడేవారు నిండు జీవితం గడుపుతున్నారు. టీకా మాత్రం ఇంకా రాలేదు. అది రావాలంటే ఆరోగ్యవంతులైన సామాన్యులు పరిశోధనకు స్వచ్ఛందంగా ముందుకు రావాలి. థాయ్‌లాండ్‌లో 16 వేల మందికి పైగా అలా వచ్చినందువల్లనే, టీకా 31 శాతం మేరకైనా రక్షణ ఇవ్వగలదని 2009లో తొలిసారి వెల్లడైంది. దక్షిణాఫ్రికాలో ఐదు వేల మందికి పైగా పాల్గొన్న మరో ప్రయోగం ఫలితం లేక 2020లో ఆగిపోయింది. వారి సేవ కూడా వృథా కాలేదు. ఏ దారి పనికిరాదో లోకానికి తెలిసింది. మన దేశంలోనూ 2005లో పుణెలో, తరువాత చెన్నైలో తొలి దశ ప్రయోగాలు జరిగాయి.

ఇటువంటి ఖిద్మత్‌కు ముస్లిములు దూరంగా ఉండనవసరం లేదు. అయితే మన బస్తీలలోని అనుమానం నిరాధారమూ కాదు. 2009లో నాటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనం పేరిట గిరిజన బాలికలకు సూదులు వేశారు. అనేకుల విషయంలో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీనిని తీవ్రంగా తప్పుపట్టింది. పేదల అమాయకత్వాన్ని సమ్మతిగా లెక్కగట్టడం సేవ కాదు, దోపిడీ.

ప్రయోగ టీకాతో హెచ్‌ఐవి సోకుతుందన్న భయం అనవసరం. అందులో సజీవ హెచ్‌ఐవి వైరస్ ఉండదు. ఆలోచించవలసిన విషయం వేరొకటి ఉన్నది. టీకా వల్ల పుట్టే ప్రతిరక్షకాల కారణంగా, వ్యాధి లేకున్నా సాధారణ రక్తపరీక్షలో ‘పాజిటివ్’ అని రావచ్చు. గల్ఫ్ వీసాకు హెచ్‌ఐవి పరీక్ష తప్పనిసరి. పాతబస్తీ నుండి కడప దాకా ఎన్నో కుటుంబాల జీవనాధారం ఆ వీసాయే. ఒక తప్పుడు ఫలితం ఉపాధిని, పెళ్లి సంబంధాన్ని, పరువును దెబ్బతీయగలదు.

కనుక సంతకానికి ముందు మూడు ప్రశ్నలు అడగాలి. హాని కలిగితే వైద్యం, పరిహారం ఎవరి బాధ్యత? రక్తపరీక్ష ‘పాజిటివ్’ చూపితే, అది టీకా ప్రభావమేనని తేల్చే ప్రత్యేక పరీక్షను, ధ్రువపత్రాన్ని ఎన్నేళ్ల వరకు ఇస్తారు? మధ్యలో వైదొలగితే నాకు అందే సాధారణ వైద్యానికి ఆటంకం ఉండదు కదా? తెలిసిన భాషలో వివరించి సమ్మతి తీసుకోవాలనీ, ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలనీ 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. తెలుగులోనో ఉర్దూలోనో పత్రం ఇమ్మని కోరడం దయాభిక్ష కాదు, హక్కు. ప్రయోగ టీకా వేయించుకున్నంత మాత్రాన రక్షణ దొరికినట్లు కాదని, జాగ్రత్తలు మానరాదని కూడా గుర్తుంచుకోవాలి.

మహల్లా కమిటీలు, యువజన సంఘాలు చేయవలసిన పని ఇదే. రమ్మని ఒత్తిడి చేయవద్దు, వద్దని బెదిరించవద్దు. వెళ్లదలచినవారి పక్కన కూర్చుని ఆ పత్రం చదివి వినిపించండి. అర్థం చేసుకుని ఇచ్చిన సమ్మతే సమ్మతి. అటువంటి సమ్మతితో చేసిన సేవే త్యాగం అనిపించుకుంటుంది.