ఏమీ దొరకని సోదాకూ ఒక కాగితం

చింతపల్లిలో బయల్దేరి నర్సీపట్నం వెళ్లే బస్సు లంబసింగి దాటి ఘాటు దిగేలోపు చాలాసార్లు ఎక్కడో ఒకచోట ఆగుతుంది. పోలీసులు ఎక్కుతారు. సీటు కింద మూట ఎవరిదని అడుగుతారు. పసుపు కొమ్ముల గోనె మూతి విప్పించి అడుగుదాకా చెయ్యి పెట్టి తడుముతారు. రాజ్‌మా సంచిని పైనుంచి నొక్కి చూస్తారు. ఏమీ ఉండదు. వాళ్లు దిగిపోతారు, బస్సు కదులుతుంది. మూట తాలూకు ఆవిడ కింద పడ్డ పురికొస ఏరుకుని గోనె మళ్లీ కట్టుకుంటుంది. తన సరుకు ఎవరు వెతికారో, ఏ అనుమానంతో వెతికారో చెప్పే కాగితం ఆవిడ చేతిలో ఒక్కటీ ఉండదు.

తనిఖీలు ఎందుకో ఏజెన్సీలో అందరికీ తెలుసు. చింతపల్లి, జీకే వీధి, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల పేర్లు గంజాయి వార్తల్లో ఏళ్ల తరబడి నలిగాయి. 2021 చివర్లో మొదలైన ఆపరేషన్ పరివర్తనలో పోలీసులు వేల ఎకరాల తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. పెట్టుబడి పెట్టేవాడు, కొనేవాడు ఎక్కడో మైదానంలో, పై రాష్ట్రాల్లో ఉంటాడు. మోసేవాడు మాత్రం కొండ మీది కుర్రాడు. ఆ సరుకు వల్ల మన్యం ఇళ్లు ఎన్ని గుల్లయ్యాయో చూసినవాళ్లెవరూ తనిఖీలు వద్దనరు. నేనూ అనను.

కానీ దొరికితే పడే శిక్ష ఎంతో చూడండి. 1985 నాటి మత్తుపదార్థాల చట్టం కింద గంజాయి ఇరవై కిలోలు దాటితే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల జైలు, లక్షకు తగ్గని జరిమానా. బెయిలు రావడమే గగనం. సరుకు నీ దగ్గర దొరికిందని రుజువైతే, అది నీ ఎరుకలో లేదని నిరూపించుకునే భారం నీ మీదే పడుతుంది. చట్టం ఇంత కఠినం కాబట్టే సోదా ఎలా జరిగిందన్న ప్రశ్నకు అంత విలువ. ఒక్క సోదాతో మనిషి జీవితంలో పదేళ్లు పోవచ్చు.

ఇప్పుడు దుబాయ్ నుంచి వచ్చి శంషాబాద్ విమానాశ్రయంలో దిగిన కరీంనగర్ కార్మికుణ్ణి ఊహించండి. కస్టమ్స్ వాళ్లు పక్కకు పిలిచి ఒళ్లు వెతకాలన్నారు. 1962 కస్టమ్స్ చట్టంలోని 102వ సెక్షన్ ప్రకారం, తనను ముందు గెజిటెడ్ అధికారి దగ్గరకో మేజిస్ట్రేట్ దగ్గరకో తీసుకెళ్లమని అతను అడగవచ్చు. సోదాకు తగిన కారణం కనిపించకపోతే ఆ అధికారి అక్కడికక్కడే వదిలేయాలి. సోదా జరిగితే ఇద్దరు సాక్షులుండాలి, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా మీద వాళ్ల సంతకాలుండాలి. స్త్రీని స్త్రీయే వెతకాలి. కడుపులో ఏదో దాచాడన్న అనుమానంతో ఎక్స్‌రే తీయాలంటే, అతను ఒప్పుకుంటే తప్ప, మేజిస్ట్రేట్ ఆదేశం కావాలి. కారణం లేకుండా మనిషిని వెతికిన కస్టమ్స్ అధికారికి ఆరు నెలల దాకా జైలు పడవచ్చని 136వ సెక్షన్ చెబుతుంది.

ఘాటు రోడ్డు మీద బస్సులో కూర్చున్న మనిషికి వర్తించే చట్టంలోనూ దాదాపు ఇవే రక్షణలున్నాయి. మత్తుపదార్థాల చట్టం 50వ సెక్షన్‌లో అదే గెజిటెడ్ అధికారి, అదే మేజిస్ట్రేట్, స్త్రీని స్త్రీయే వెతకాలన్న అదే నియమం. 58వ సెక్షన్‌లో వేధింపు సోదా చేసిన అధికారికి అదే ఆరు నెలల జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా. గెజిటెడ్ అధికారి దగ్గరకో మేజిస్ట్రేట్ దగ్గరకో తీసుకెళ్లమని అడిగే హక్కు ఉందని సోదాకు ముందే ఆ మనిషికి చెప్పి తీరాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1999లో బల్దేవ్ సింగ్ కేసులోనూ, 2010లో విజయ్‌సింహ్ జడేజా కేసులోనూ తేల్చింది.

అయితే ఇందులో ఒక పెద్ద కన్నం ఉంది. ఈ 50వ సెక్షన్ ఒంటి మీద జరిగే సోదాకే వర్తిస్తుందని, చేతిలోని సంచికి వర్తించదని 2005లో పవన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లోనూ అదే మాట మీద నిలబడింది. చింతపల్లి దారిలో వెతికేది ఎక్కువగా సంచులనే. అంటే ఈ హక్కు ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే అందదు. మన్యంలో ఇంకో చిక్కు కూడా ఉంది. కువి మాట్లాడే కోదు ముసలామెకు 'గెజిటెడ్ అధికారి సమక్షంలో' అని తెలుగులో గబగబా చదివి వినిపిస్తే, విన్నట్టా విననట్టా?

అమెరికాలో జరిగిన ఒక సంగతి మనకు ఇక్కడ పనికొస్తుంది. 1990లలో అక్కడి విమానాశ్రయాల్లో కస్టమ్స్ వాళ్లు నల్లజాతి స్త్రీలను ఎంచి మరీ బట్టలు విప్పించి వెతుకుతున్నారని గగ్గోలు పుట్టింది. షికాగో ఓహేర్ విమానాశ్రయంలో అలా అవమానపడిన స్త్రీలు కోర్టుకెక్కారు. అక్కడి పార్లమెంటు తరఫున లెక్కలు తనిఖీ చేసే సంస్థ 2000 మార్చిలో నివేదిక ఇచ్చింది. ఒళ్లు తడిమి చూశాక ఎక్స్‌రేకి పంపడం తెల్లజాతి స్త్రీలకంటే నల్లజాతి స్త్రీల విషయంలో తొమ్మిది రెట్లు ఎక్కువని, సరుకు దొరకడం మాత్రం తెల్లజాతి స్త్రీలతో పోలిస్తే సగం కూడా లేదని తేలింది. ఎవరిని వెతికారు, వాళ్లలో ఎవరి దగ్గర ఏమీ దొరకలేదు అన్న వివరాలు దస్త్రాల్లో ఉండబట్టే ఆ సంగతి బయటపడింది.

అప్పటికి కస్టమ్స్ కమిషనర్‌గా రేమండ్ కెల్లీ ఉన్నాడు. అనుమానానికి గుర్తులంటూ ఉన్న నలభై పైచిలుకు లక్షణాల జాబితాను ఆరుకు కుదించాడు. ఒళ్లు వెతకాలంటే పై అధికారి అనుమతి ఉండాలన్నాడు. సోదాలు సుమారు మూడొంతులు తగ్గిపోయాయి. సరుకు దొరకడం తగ్గలేదు సరికదా, వెతికిన వందమందిలో దొరికేవాళ్ల సంఖ్య పెరిగింది. తక్కువమందిని వెతికితే దొంగలు తప్పించుకుంటారన్న భయం అక్కడ నిజం కాలేదు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. అదే కెల్లీ తర్వాత న్యూయార్క్ పోలీస్ కమిషనర్ అయ్యాడు. ఆయన హయాంలో, 2011లో, ఆ నగర వీధుల్లో 6,85,000కు పైగా సార్లు మనుషుల్ని ఆపారు. ఎక్కువమంది నల్లజాతి, లాటిన్ అమెరికా మూలాల కుర్రాళ్లు. వాళ్లలో పదికి దాదాపు తొమ్మిదిమంది ఏ తప్పూ చేయనివాళ్లు. విమానాశ్రయంలో పాఠం నేర్పిన మనిషే వీధిలోకి వచ్చేసరికి దాన్ని పక్కనపెట్టాడు. అధికారి మంచితనం మీద ఆధారపడ్డ సంస్కరణ ఎంతకాలం నిలుస్తుందో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు కనబడలేదు. న్యూయార్క్‌ను చివరికి దారికి తెచ్చినవి కాగితాలు. ఆపిన ప్రతి మనిషికీ పోలీసు ఒక ఫారం నింపాలన్న నిబంధన ఉంది. అలాంటి 44 లక్షల ఆపివేతల లెక్కను కోర్టు ముందు పెట్టారు. తడిమి చూసిన ప్రతి వందమందిలో ఆయుధం దొరికింది ఒకటిన్నర మంది దగ్గరే. ఆ తీరు రాజ్యాంగ విరుద్ధమని 2013 ఆగస్టులో జడ్జి షీరా షైండ్లిన్ తీర్పిచ్చింది. ఆ తర్వాత ఆపివేతలు బాగా పడిపోయాయి. ఆ వెంటనే వచ్చిన కొన్నేళ్లలో నగరంలో హత్యలు మాత్రం పెద్దగా పెరగలేదు.

బ్రిటన్‌లో 1984 చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. దారిలో ఆపి వెతికే పోలీసు తన పేరు, స్టేషను, దేనికోసం వెతుకుతున్నాడో, ఎందుకు అనుమానించాడో ముందుగా చెప్పాలి. ఏమీ దొరకకపోయినా రాసిపెట్టాలి. అడిగితే నకలు ఇవ్వాలి.

మన దగ్గర లేనిది సరిగ్గా ఇదే. సరుకు దొరికితే మధ్యవర్తులొస్తారు, పంచనామా రాస్తారు, సంతకాలు పెట్టిస్తారు. దొరకకపోతే ఏ రాతా ఉండదు. కాబట్టి ఏ చెక్‌పోస్టు దగ్గర నెలలో ఎంతమందిని వెతికితే ఒకడు దొరికాడో, పర్యాటకుల కార్లను ఎన్ని ఆపారు, గిరిజనుల జీపుల్ని ఎన్ని ఆపారు అన్న ప్రశ్నలకు జవాబు వెతికే దారే లేదు. వేధింపు సోదాకు ఆరు నెలల జైలన్న సెక్షన్ పుస్తకంలో ఉన్నా, సోదా జరిగిందనడానికే రుజువు లేనప్పుడు ఎవరి మీద కేసు పెడతారు?

చింతపల్లి వాళ్లకు ఈ మాట చెప్పడానికి అమెరికా దాకా వెళ్లనక్కర్లేదేమో కూడా. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు ఇక్కడి పోలీస్ స్టేషను మీద పడి పదకొండు తుపాకులు, 1390 తూటాలు, కత్తులు, బాయొనెట్లు పట్టుకెళ్లాడు. వెళ్లేముందు తీసుకున్నవాటి లెక్క స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు. తిరుగుబాటు చేసినవాడే తాను తీసుకున్నదానికి జవాబుదారీగా ఉన్నాడు.

రాత అనేసరికి పోలీసులకు పని పెరుగుతుందంటారు. ఘాటు మీద నాలుగు బస్సులు ఆపితే రెండొందల మంది ఉంటారు, ఎంతమందికి రాస్తామంటారు. ఆ ఇబ్బంది నిజమే. అందుకే బస్సంతటినీ కాకుండా, అనుమానానికి కారణమున్న మూటనే విప్పే అలవాటు వస్తుంది. చట్టం అడిగేదీ అదే. బండిని ఆపాలంటే అనుమానించడానికి కారణం ఉండాలని 49వ సెక్షన్ అంటోంది. కెల్లీ కస్టమ్స్‌లో జరిగింది కూడా అదే: రాయాల్సి వచ్చినప్పుడు, అడగాల్సి వచ్చినప్పుడు, మనిషి ఆలోచించి వెతికాడు.

పైగా ఇప్పుడు దారి కొంత సుగమమైంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ సంహిత 105వ సెక్షన్ సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలంటోంది. ఆ ఫోను కానిస్టేబుల్ జేబులో ఉంది. విప్పిన ప్రతి మూటకూ తేదీ, చోటు, కారణం, అధికారి నంబరు ఉన్న చిన్న చీటీ ఇవ్వడానికి పార్లమెంటు కూర్చోనక్కర్లేదు, జిల్లా ఎస్పీ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. హక్కుల్ని కువిలో, ఆదివాసీ ఒడియాలో రికార్డు చేసి చెక్‌పోస్టుల్లో, బస్సుల్లో వినిపించే పని పాడేరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) చేయగలదు. నెల తిరిగేసరికి ఎన్ని మూటలు విప్పారు, ఎన్నింటిలో దొరికింది అన్న రెండు అంకెలు చెక్‌పోస్టు గోడ మీద రాసిపెడితే, గంజాయి వేట ఎంత సూటిగా సాగుతోందో పోలీసులకే ముందుగా తెలుస్తుంది.