ఆ కాగితం మనమే చదవాలి

ప్రతి ఏడూ దీపావళికి ముందు జరిగేదే. బోనస్ మాటలకు పిలుస్తారు. యాజమాన్యం తరఫు అధికారి కాగితాల కట్ట ఒకటి బల్లమీద పెట్టి, "మీరే చూసుకోండి, ఈ ఏడు నష్టం" అంటాడు. మనవాళ్ళు ఐదుగురు ఆ కట్టను చేతులు మార్చుకుంటారు. ఆఖరు పంక్తిలో అంకె బ్రాకెట్‌లో ఉంటుంది. బ్రాకెట్ అంటే నష్టమని అందరికీ తెలుసు. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు. 8.33 శాతానికి సంతకం పెట్టి లేస్తారు. హోసూరు నుంచి తళి బస్సులో వస్తున్నంతసేపూ "మోసం చేశారు" అనుకుంటాము. ఎక్కడ చేశారో మాత్రం చెప్పలేము.

పోయిన ఏడు మాకూ అదే జరిగింది. అందుకే ఈ మాట రాస్తున్నాము. సంఘంలో కనీసం నలుగురైనా లెక్కల పుస్తకం చదవడం నేర్చుకోవాలి. బి.కాం. అక్కరలేదు. లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ, వాటి వెనక ఉండే ఆడిటరు నివేదిక అర్థమైతే చాలు.

బోనస్ అనేది మొదటినుంచీ లెక్కల తగాదాయే. 1950లో బొంబాయి బట్టల మిల్లుల తగాదాలోనే లేబర్ అప్పీలేట్ ట్రిబ్యునల్ "ఫుల్ బెంచ్ ఫార్ములా" తయారుచేసింది. లాభంలోంచి తరుగుదల, యంత్రాల పునరుద్ధరణ, పన్ను, పెట్టుబడి మీద ప్రతిఫలం తీసివేసి, మిగిలితేనే కార్మికుడికి అని. ఆ పోరాటాల మీదనే 1965 బోనస్ చట్టం వచ్చింది. దాన్ని 2019 వేతనాల కోడ్‌లో కలిపారు, కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. కనీసం 8.33, గరిష్ఠం 20 అన్నవి మారలేదు. ఈ రెండింటి మధ్య మనకు ఎంత అనేది లెక్కే తేలుస్తుంది.

1965 చట్టం పద్ధతిలో ఊహకు ఒక మిల్లును తీసుకుందాం. స్థూల లాభం 200 లక్షలు. తరుగుదల 80, పన్ను 30 తీసివేశాము. మూలధనం 200 లక్షల మీద ఎనిమిదిన్నర శాతం అంటే 17, రిజర్వులు 300 లక్షల మీద 6 శాతం అంటే 18, ఇవీ పోయాయి. మిగిలింది 55 లక్షలు. అందులో 60 శాతం, 33 లక్షలు మనది. బోనస్‌కు లెక్కించే జీతాల మొత్తం 200 లక్షలనుకుంటే పదహారున్నర శాతం వస్తుంది. (ఏ సంవత్సరానికి ఏ శాతాలో ఆ ఏటి చట్టంలో చూసుకోవాలి.)

ఇప్పుడు మార్చి 31న గోడౌన్‌లో ఉన్న పత్తి బేళ్ళు, నూలు విలువను 20 లక్షలు తక్కువ చూపారనుకోండి. ఒక్క బేలు కూడా కదలలేదు, ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. అయినా లాభం 180 అయింది. పన్నులో వచ్చే తేడా వదిలేస్తే మిగులు 35, మన వంతు 21, బోనస్ పదిన్నర శాతం. నెలకు 7,000 జీతం మీద లెక్కకట్టే మనిషికి 13,860 రూపాయలు రావలసినచోట 8,820 వచ్చింది. ఇంటికి ఐదువేల నలభై రూపాయలు తక్కువ. పిల్లల బట్టలు, రాగి చేనుకు ఎరువు, చీటీ బాకీ అన్నీ అందులోనే ఉన్నాయి గదా!

నిల్వ తగ్గించిన లాభం మరుసటి ఏడు తిరిగి పైకి రావాలి, ఎందుకంటే ఈ ఏటి ముగింపు నిల్వే వచ్చే ఏటి ప్రారంభ నిల్వ. కనుక ఒక్క ఏటి కాగితం చూస్తే ఏమీ తేలదు. మూడేళ్ళవి పక్కపక్కన పెట్టుకోవాలి. బేళ్ళు మోసింది, నూలు కట్టింది మనమే. గోడౌన్‌లో ఎంత సరుకుందో ఆడిటరు కన్నా మనకు బాగా తెలుసు. ఆ తెలిసినదాన్ని కాగితంలోని అంకె పక్కన పెట్టడమే మనకు చేతకావడం లేదు.

ఆడిట్ అయిన లెక్కలను నిజమనే చూడాలని 1965 చట్టం 23వ సెక్షన్ అంది. చాలామంది నాయకులు అక్కడే ఆగిపోతారు. అదే సెక్షన్‌లో, ఏ పద్దు మీదనైనా వివరణ కావాలని సంఘం అడగవచ్చుననీ, అవసరమనిపిస్తే విచారించే అధికారి కంపెనీని ఆదేశించవచ్చుననీ ఉంది. కాని ఏ పద్దు అని చెప్పాలి. "అంతా దొంగలెక్క" అంటే ఎవరూ వినరు. "ముగింపు నిల్వ కిలో ధర ఎంత వేశారు? యజమాని బంధువుల సంస్థకు నూలు ఏ ధరకు అమ్మారు?" అని అడిగితే జవాబు చెప్పక తప్పదు.

కొందరు అన్నలు ఒప్పుకోరు. యజమాని లెక్కలు నేర్చుకుంటే యజమాని బుర్రతోనే ఆలోచిస్తామని వారి భయం. ఆ భయం ఉత్తదని మేము అనము. నష్టం నిజమే అని తేలిన రోజు కూడా వస్తుంది, ఆ రోజు ఆ మాట సభ్యులకు చెప్పే ధైర్యం ఉండాలి. అయితే 1945లో అమెరికాలో జనరల్ మోటార్స్ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు, ధరలు పెంచకుండా జీతం ఇవ్వలేమంటే మీ పుస్తకాలు తెరవండి అని వాళ్ళ నాయకుడు వాల్టర్ రూథర్ అడిగాడు. కంపెనీ తెరవలేదు. సమ్మె 113 రోజులు నడిచింది. చూడనివ్వని దాంట్లో ఏదో ఉంటుందని అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు కావాలా?

బోనస్ కన్నా పెద్ద సంగతి ఒకటి ఉంది. మిల్లు మూతపడేముందు గేటుకు తాళం చివరన పడుతుంది, కాగితంలో సూచన ముందే కనిపిస్తుంది. పేరుకుపోయిన నష్టాలు మూలధనాన్నీ రిజర్వులనూ తినేస్తూ వస్తాయి. ఆడిటరు నివేదికలో ప్రావిడెంట్ ఫండు వంటి బకాయిలు ఆరు నెలలు దాటి కట్టకుండా ఉంటే ఆ మాట రాయాలి. మన జీతంలో కోసిన డబ్బు కట్టలేదని ఆ ఒక్క పేజీ చెబుతుంది. కంపెనీ మూసివేత కేసులో కార్మికుల మాట వినాలని 1982 డిసెంబరులో సుప్రీంకోర్టు ముగ్గురు ఇద్దరి తేడాతో తీర్పు చెప్పింది. ఆ ముగ్గురిలో మన తెలుగువారు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఒకరు. 2016 దివాలా చట్టంలో 24 నెలల కార్మిక బకాయిలకు, హామీ ఉన్న అప్పులవాళ్ళతో సమాన వరుస ఉంది. వరుసలో నిలబడే సమయానికి ఆస్తి మిగలాలి గదా. అందుకే ముందే చూడాలి.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. మిల్లు కంపెనీగా రిజిస్టరయి ఉంటే దాని వార్షిక లెక్కలు కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర ఉంటాయి, కొద్ది రుసుముకు కంప్యూటరులో ఎవరైనా చూడవచ్చు. భాగస్వామ్య సంస్థ ఐతే ఈ దారి లేదు, బేరాల బల్ల దగ్గరే అడిగి తీసుకోవాలి. ఇంగ్లీషు అడ్డం అంటారు. మన ఇళ్ళల్లో తెలుగు, బజారులో కన్నడం, ఆఫీసులో తమిళం. ఇన్ని భాషలు నెట్టుకొచ్చేవాళ్ళకు నలభై ఇంగ్లీషు మాటలు ఒక లెక్కా! అంకెలు అన్నిటిలోనూ ఒకటే. నిజానికి మన అక్కలు సంఘాల పొదుపు పుస్తకం రాసేటప్పుడు జమ, ఖర్చు, అప్పు, వడ్డీ తప్పు లేకుండా రాస్తున్నారు. తరగతికి వాళ్ళనే ముందు పిలవాలి.

తరగతి అన్నప్పుడు బడి పుస్తకం పట్టుకోవద్దు. మన మిల్లు పోయిన మూడేళ్ళ లెక్కలే పాఠం. వారానికి ఒక సాయంత్రం, రెండో షిఫ్టు వాళ్ళకు ఆదివారం పొద్దున. కామర్స్ చదివిన పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, ఒకరిని కూర్చోబెట్టుకుందాం. మొదటి రోజు ముగింపు నిల్వ పద్దుతో మొదలుపెడదాం. గోడౌన్‌లో పనిచేసేవాళ్ళు తప్పక రావాలి.